నిరుపయోగం అని రాసే ముందు

(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక విశ్రాంత స్టోర్స్ తనిఖీ అధికారి చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అధ్యక్షులకు, లైబ్రేరియన్ గారికి, పోటీ పరీక్షల పుస్తకాలు కాసేపు మూసిపెట్టి వచ్చి కూర్చున్న పిల్లలకు నమస్కారం.

వేదిక మీదికి పిలవగానే నేను కూర్చోలేదు. నాకు వేసిన కుర్చీని కొంచెం వంచి వెనక కాలు చూశాను. చేసిన ఉద్యోగం వల్ల పట్టుకున్న అలవాటది. అక్కడ తెల్ల పెయింటుతో సంస్థ పేరు పొడి అక్షరాల్లో, దాని కింద ఒక నంబరు ఉన్నాయి. సగం చెరిగిపోయింది కానీ చదవడానికి వీలుగానే ఉంది. మీరు కూర్చున్న బెంచీలకూ అలాంటి నంబర్లు ఉంటాయి, వెళ్లేటప్పుడు చూడండి. ఆ నంబరుకు ఈ భవనంలోనే ఏదో బీరువాలో, ఏదో రిజిస్టరులో ఒక వరుస ఉంటుంది. ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఏ బిల్లు మీద కొన్నారు అన్నీ అందులో ఉంటాయి. ఆ వరుస ఉన్నంతకాలం ఈ కుర్చీ ప్రజల ఆస్తి. కాలు విరిగినా ప్రజల ఆస్తే. అది ఆ రిజిస్టరులోంచి బయటికి పోవాలంటే ఒక దారి ఉంది. ఆ దారి గురించే నేను మాట్లాడతాను.

ప్రభుత్వం కొనే తీరు గురించి మనకు కొంత తెలుసు. టెండర్ల వివాదాలు పత్రికల్లో చదువుతూనే ఉంటాం. ప్రభుత్వం అమ్మే తీరు గురించి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పాత కుర్చీలు, పాత జీపులు, తుక్కు ఇనుము, వాటి గురించి ఏం పట్టించుకుంటాం అనుకుంటాం. కానీ తుక్కు అమ్మడానికి రాసిన నియమాల్లో ఉన్న మాటలే రేపు భూమి అమ్మేటప్పుడూ వినిపిస్తాయి. అందుకని కుర్చీ నుంచే మొదలుపెడుతున్నాను.

కేంద్ర ప్రభుత్వానికి సాధారణ ఆర్థిక నియమావళి ఉంది. జీఎఫ్ఆర్ అంటారు. ఇప్పుడు నడుస్తున్నది 2017లో వచ్చింది. రాష్ట్రాలకు వాటి ఫైనాన్షియల్ కోడ్‌లు ఉన్నాయి. మాటల్లో తేడాలున్నా పద్ధతి దాదాపు ఒకటే. జీఎఫ్ఆర్‌లో అమ్మదగిన వస్తువులను మూడు మాటల్లో చెప్పారు. మిగులు, కాలం చెల్లినది, పనికిరానిది. మన ఆఫీసుల్లో మూడింటినీ కలిపి ‘కండెమ్’ అనేస్తాం. ఈ మూడూ ఒకటి కావు. హాస్టల్‌కు వంద మంచాలు కొన్నారు, ఎనభై మందే చేరారు. ఆ ఇరవై మంచాలు మిగులు. అవి కొత్తవి. పక్క హాస్టల్‌లో పిల్లలు నేల మీద పడుకుంటుంటే అక్కడికి పంపాలి, అమ్మే ప్రశ్నే రాకూడదు. టైపు మిషను చక్కగా పనిచేస్తుంది, కానీ బల్ల మీదికి కంప్యూటరు వచ్చింది. అది కాలం చెల్లినది. కాలు విరిగి, మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరకు దగ్గర పడితే అది పనికిరానిది. ఏ వస్తువు ఏ గడిలోకి వస్తుందో తేల్చడమే అసలు పని. మిగిలిన తతంగమంతా దాని వెనకే నడుస్తుంది.

ఎందుకు నిరుపయోగమో కారణం కాగితం మీద రాయాలి అంటుంది నియమం. ఎవరు రాయాలి? ఆ వస్తువును కొనే అధికారం ఎవరికి ఉందో వాళ్లు రాయాలి. ఇది చాలా మంచి ఆలోచన అని నా నమ్మకం. కొనడానికి సంతకం పెట్టగల చెయ్యే, ఇక అక్కర్లేదని చెప్పడానికీ సంతకం పెట్టాలి. కావాలంటే ఒక కమిటీని వేసుకోవచ్చు. ఖాతా విలువ, అంటే అరుగుదల తీసేశాక లెక్కల్లో మిగిలిన విలువ ఎంతో, కనీసం ఎంతకు అమ్మాలో లెక్కగట్టాలి. ఖాతా విలువ తేలకపోతే కొన్న ధరనే ఆధారంగా తీసుకోవాలి. ఆ తర్వాత అందరూ మరిచిపోయే మాట ఒకటుంది. నిర్లక్ష్యం వల్లో, మోసం వల్లో వస్తువు పాడైతే అందుకు బాధ్యులెవరో తేల్చాలి. నా సర్వీసులో చూసిన కండెమ్ ఫైళ్లలో ఆ గడి నిండిన ఫైళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ‘సహజమైన అరుగుదల వల్ల’ అనే ఒక్క వాక్యం అన్ని ఫైళ్లలోనూ కనిపించేది. కొని రెండేళ్లయినా కాని నీటి మోటారుకు కూడా ఆ వాక్యమే రాశారు.

టైపు మిషన్ల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. ఒక జిల్లా కార్యాలయంలో మెట్ల కింది గదిలో పద్నాలుగు టైపు మిషన్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అందులో ఐదు తెలుగువి. ఒకదాని మీద దుమ్ము తుడిచి మీట నొక్కితే అక్షరం లేచి రోలరుకు తగిలింది. తెలుగు గుణింతాలను, వత్తులను ఆ కొద్ది మీటల్లో ఇమిడ్చిన పనితనం చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. ఈ రాష్ట్రంలో ఎన్ని వేల ఉత్తర్వులు, ఎన్ని వేల పట్టాలు అలాంటి మిషన్ల మీద కొట్టి ఉంటారో! వాటిని కిలోల లెక్కన పాత ఇనుము కింద అమ్మేశాం. నియమం ప్రకారం ఒక్క తప్పూ జరగలేదు. ఆ కాగితం మీద మూడో సంతకం నాది. ఒక్కటి, ఒక్క మిషను పక్కనపెట్టి ఇలాంటి గ్రంథాలయానికి ఇవ్వండని రాసి ఉంటే ఎవరూ కాదనేవారు కాదు. నేను రాయలేదు. ఆ బాధ ఈ రోజుకీ ఉంది.

ఇక అమ్మకుండా ఉంచడం గురించి చెబుతాను. అన్నిటికంటే ఎక్కువ నష్టం అక్కడే జరుగుతుంది.

ఒక ఆసుపత్రికి వార్షిక తనిఖీకి వెళ్లాను. ఊరి పేరు చెప్పను. వస్తువులను ఏడాదికి ఒక్కసారైనా కళ్లారా చూసి లెక్క సరిచూడాలని నియమం. రిజిస్టరులో ‘అంబులెన్సు 1’ అని ఉంది. ఎక్కడుందని అడిగితే ప్రహరీ గోడ దగ్గరికి తీసుకెళ్లారు. నాలుగు వైపులా ఇటుకల మీద నిలబెట్టిన ఒక డొక్కు. చక్రాలు లేవు. బ్యాటరీ లేదు. రేడియేటరు ఉన్నచోట కోడి గుడ్లు పెట్టింది. ఫైలు తెప్పించి చూశాను. ఏడేళ్ల కిందట, అది నడుస్తూ నడుస్తూ ఆగిన రోజుల్లోనే, అమ్మేయడానికి ప్రతిపాదన వెళ్లింది. లాగ్ బుక్ జతపరచలేదని వెనక్కి వచ్చింది. జతపరిచి పంపారు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు విలువ కట్టాడు. ఆ విలువ మీద కమిటీ కూర్చోవాలి. కమిటీలో ఒకరు బదిలీ అయ్యారు. కొత్తాయన వచ్చి, విలువ కట్టి ఏడాది దాటింది కాబట్టి మళ్లీ కట్టించండి అన్నాడు. ఆయన మాట తప్పు కాదు. ఫైలు మీద రాసిన ప్రతి మాటకూ ఒక సమర్థన ఉంది. ఈ లోపు గోడ దగ్గర ఒక్కొక్క భాగం రాత్రిళ్లు నడిచిపోయింది. చివరికి అమ్మితే మొదట కట్టిన విలువలో పదో వంతు కూడా రాలేదు.

ఎందుకిలా జరుగుతుంది? ఉద్యోగులందరూ దొంగలు కాబట్టి అనుకుంటే పొరపాటు. ఆ వస్తువు అమ్మితే వచ్చే డబ్బు ఆ ఆఫీసుకు రాదు. ఖజానాకు జమ అవుతుంది. మంచిదే, అలాగే జరగాలి. కానీ దాని ఫలితం చూడండి. అమ్మిన అధికారికి పైసా లాభం లేదు. అమ్మాక ధర తక్కువని ఎవరైనా అర్జీ పెడితే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. ఆడిట్ అభ్యంతరం వస్తే పెన్షన్ ఆగేది ఆయనదే. అమ్మకుండా ఊరుకుంటే? ఏమీ కాదు. వస్తువు తుప్పు పట్టిందని ఎవరికీ మెమో ఇవ్వగా నేను చూడలేదు. అమ్మితే పది ప్రశ్నలు, అమ్మకపోతే ఒక్క ప్రశ్న కూడా లేదు. ఇంక ఎవరు అమ్ముతారు?

నియమాలు రాసినవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. మిగిలిన విలువ 2 లక్షల రూపాయల కంటే తక్కువ ఉన్న వస్తువుల విషయంలో, ఎలా అమ్మాలో అధికారి తానే నిర్ణయించుకోవచ్చన్నారు. వస్తువులు పేరుకుపోయి చోటు మూసుకుపోకూడదని, విలువ పడిపోకూడదని కారణం కూడా అందులోనే చెప్పారు. 2 లక్షలు దాటితే ప్రకటన ఇచ్చి టెండరు పిలవాలి, లేదా బహిరంగ వేలం వేయాలి. రెండు విధాలా ప్రయత్నించినా ఎవరూ రాకపోతే తుక్కు ధరకు ఇవ్వవచ్చు. అదీ కుదరకపోతే పర్యావరణానికి హాని లేకుండా నాశనం చేయవచ్చు. కాలం తీరిన మందులు, పాడైన ఆహారధాన్యాల వంటివి మాత్రం వేలానికి పెట్టకూడదు, వెంటనే నాశనం చేయాలి. దారులన్నీ తెరిచే ఉన్నాయి. నడవడానికే భయం.

2021 నుంచి కేంద్రం ఏటా అక్టోబరు 2 నుంచి 31 వరకు ఒక ప్రత్యేక కార్యక్రమం నడుపుతోంది. పాత ఫైళ్లు తొలగించడం, పాత సామాను అమ్మడం. మొదటి నాలుగేళ్లలోనే తుక్కు అమ్మకం మీద 2,000 కోట్ల రూపాయలకు పైగా వచ్చిందని ప్రకటించారు. నాకు సంతోషం కలిగింది, దుఃఖమూ కలిగింది. ఒక నెల గట్టిగా అడిగితే ఇంత డబ్బు బయటపడిందంటే, అడగని దశాబ్దాల్లో ఎంత తుప్పుగా రాలిపోయిందో కదా!

సరే, వేలం దాకా వచ్చాం అనుకుందాం. పాత రోజుల్లో వేలం అంటే ఆఫీసు ముందు చెట్టు కింద జనం. అధికారి వస్తువుల స్థితి, షరతులు గట్టిగా చదివేవాడు. ‘ఎలా ఉన్నది అలాగే, ఎక్కడ ఉన్నది అక్కడే’ అనేది మొదటి షరతు. కొన్నాక అది బాగాలేదు, ఇది లేదు అంటే కుదరదు. తర్వాత పాట మొదలు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. 1930 నాటి వస్తువుల అమ్మకం చట్టంలో 64వ సెక్షను ఉంది. సుత్తి దెబ్బ పడేదాకా పాటదారు తన పాటను వెనక్కి తీసుకోవచ్చు, పడ్డాక అమ్మకం పూర్తయినట్టే. అమ్మేవాడు తన మనిషిని జనంలో నిలబెట్టి దొంగ పాట పాడించి ధర పెంచితే కొన్నవాడు ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. జీఎఫ్ఆర్ ప్రకారం పాట ఖాయమైన వెంటనే అక్కడికక్కడే కనీసం 25 శాతం కట్టాలి. టెండరైతే ముందే ధరావతు ఉంటుంది, మామూలుగా 10 శాతం. మొత్తం డబ్బు ముట్టాకే సరుకు కదలాలి.

చెట్టు కింది వేలంలో అసలు వేలం అంతకు ముందే, టీ కొట్టు దగ్గర అయిపోయేది. దాన్ని రింగు అంటారు. పదిమంది వ్యాపారులు కలిసి మాట్లాడుకుంటారు. ఒకడు పాడతాడు, మరొకడు పేరుకు ఒక వెయ్యి పెంచి ఆగిపోతాడు, మిగిలినవాళ్లు చేతులు కట్టుకుని నిలబడతారు. సరుకు దక్కాక సాయంత్రం వాళ్లలో వాళ్లు మళ్లీ పాట పెట్టుకుంటారు. ఆ రెండు పాటల మధ్య తేడా పంచుకుంటారు. ఆ తేడా అంతా ఖజానాకు రావాల్సిన డబ్బు. ఇలా కుమ్మక్కై పాడటం 2002 పోటీ చట్టం ప్రకారం విచారణకు, భారీ జరిమానాకు దారితీసే పని. చెట్టు కింద నిలబడ్డ గుమస్తా దాన్ని ఎలా నిరూపిస్తాడు?

ఆన్‌లైన్ వేలం ఈ రింగును చాలావరకు దెబ్బతీసింది. దేశంలో ఈ పని ఎక్కువగా చేసే సంస్థ ఎంఎస్‌టీసీ. 1964లో కోల్‌కతాలో పాత ఇనుము ఎగుమతుల్ని నియంత్రించడానికి పుట్టిన ప్రభుత్వ సంస్థ అది. ఇప్పుడు తుక్కు నుంచి బొగ్గు గనుల దాకా దాని వేదిక మీద వేలం వేస్తున్నారు. పట్టుబడిన మన ఎర్రచందనం దుంగలనూ గ్రేడ్లుగా విడదీసి దాని ద్వారానే అమ్మారు. తిరుమలలో భక్తులు సమర్పించిన తలనీలాలూ దాని వేదిక మీద అమ్ముడుపోయాయి. ఊరి వ్యాపారులే కాదు, ఎక్కడో పంజాబ్‌లో కరిగించే కొలిమి ఉన్నవాడూ పాడవచ్చు. ఎవరు పాడుతున్నారో మిగతావాళ్లకు కనిపించదు. గడువు ముగిసే నిమిషాల్లో కొత్త పాట వస్తే గడువు తనంతట తానే కొంత పెరుగుతుంది. ఆఖరి క్షణంలో మీట నొక్కి తక్కువ ధరకు కొట్టుకుపోవడం కుదరదు.

ఇంత చేసినా కంప్యూటరుకు అందని పనులు రెండు మిగిలాయి. ఒకటి లాట్ కట్టడం, అంటే ఏ సరుకును కలిపి ఒక్క పాటగా అమ్మాలో తేల్చడం. రాగి తీగ, అల్యూమినియం, ఇనుప రేకు, రబ్బరు అన్నీ ఒకే కుప్ప పోసి ఒకే లాట్‌గా అమ్మితే అది ఇనుము ధరకే పోతుంది. కొన్నవాడు ఇంటికి వెళ్లి రాగి ఏరుకుంటాడు. విడదీసి అమ్మాలంటే నలుగురు మనుషులు, రెండు రోజుల పని. ఆ కూలి ఖర్చుకు మంజూరు ఎవరిస్తారని వదిలేస్తారు.

రెండోది తూకం. ఇది మీరు కళ్లకు కట్టినట్టు చూడాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను లారీలను తూచే ఒక వే బ్రిడ్జి దగ్గర నిలబెట్టారు. టన్నుల లెక్కన అమ్మిన పాత పైపులు ఎత్తుతున్నారు. పద్ధతి ఏమిటంటే ఖాళీ లారీ తూస్తారు, లోడు వేశాక మళ్లీ తూస్తారు, తేడా సరుకు బరువు. పొద్దున ఖాళీ లారీ వచ్చింది. డ్రైవరు, క్లీనరు, క్యాబిన్‌లో ముగ్గురు హమాలీలు, వెనక తొట్టిలో మరో ఇద్దరు. తూశారు. చీటీ ఇచ్చారు. లోడుతో తిరిగి వచ్చినప్పుడు డ్రైవరు ఒక్కడే. మిగతా ఆరుగురు గేటు దగ్గర బీడీలు కాల్చుకుంటూ నిలబడ్డారు. నాకు మొదటి ట్రిప్పులో తట్టలేదు. రెండో ట్రిప్పులోనూ మళ్లీ ఏడుగురు ఎక్కి వచ్చి, ఒక్కడే తిరిగి వచ్చేసరికి తట్టింది. ఆరుగురు మనుషులంటే మూడున్నర క్వింటాళ్లకు తక్కువ ఉండదు. ఖాళీ లారీ బరువు అంత ఎక్కువ చూపిస్తే సరుకు బరువు అంత తక్కువ పడుతుంది. ట్రిప్పుకు మూడున్నర క్వింటాళ్ల పైపులు ఊరికే గేటు దాటుతున్నాయి. రోజుకు ఎనిమిది ట్రిప్పులు.

మూడో లారీని ఆపాను. అందరూ దిగండి, డ్రైవరు కూడా దిగాలి అన్నాను. వాళ్లు దిగారు. తూకం ముల్లు వణికి కిందికి జారిన ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. అప్పుడు వే బ్రిడ్జి మనిషి మెల్లగా అన్నాడు, ‘టూల్ బాక్సు కూడా తెరిపించండి సార్’ అని. తెరిస్తే అందులో ఇసుక బస్తాలు. అంతకుముందు ఎన్నాళ్ల నుంచి ఆయన చూస్తూ ఉన్నాడో! ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఎంత గొప్ప వేలం వేసినా, టన్నుకు ఎంత మంచి ధర పలికినా, ఆ ఇనుప పలక మీద ఎవరు నిలబడ్డారో చూసే మనిషి లేకపోతే ఆ ధరకు అర్థం లేదు.

రైల్వేల గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళతాను. పాత పట్టాలు, చక్రాలు, కాలం తీరిన వ్యాగన్లు ఇలా దేశంలో అందరికంటే పెద్ద తుక్కు అమ్మకందారుల్లో వాళ్లొకరు. మన రాయనపాడు, లాలాగూడ వర్క్‌షాపుల నుంచీ వెళుతుంది. వాళ్లకు సొంత ఆన్‌లైన్ వేలం వేదిక ఉంది. కోవిడ్ నడుమ సాగిన 2020-21లో కూడా తుక్కు మీద 4,500 కోట్ల రూపాయలకు పైగా రాబట్టారు. స్టేషన్లలో, డిపోల్లో తుక్కు మిగలకూడదని లక్ష్యం పెట్టుకుని, ఎంత అమ్మారో అడిగే పై అధికారి ఉన్నాడు. అంబులెన్సుకు లేనిది ఆ అడిగే మనిషే.

వాహనాల సంగతి ఈ మధ్య మారింది. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను పొడిగించరు. కేంద్రం, రాష్ట్రాలు, స్థానిక సంస్థలు, ఆర్టీసీల వంటి రవాణా సంస్థలు అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. రక్షణ, శాంతిభద్రతల కోసం వాడే ప్రత్యేక వాహనాలకే మినహాయింపు. 15 ఏళ్లు దాటిన మిగతా వాహనాలను నమోదైన తుక్కు కేంద్రాలకే ఇవ్వాలి. పాత జీపు వేలంలో కొని, రంగు వేసి, మరో పదేళ్లు తిప్పుకునే రోజులు పోయాయి. కాలుష్యం వరకు ఇది మంచి నిర్ణయం. పెద్దగా తిరగని, బాగా చూసుకున్న వాహనం కూడా తేదీ రాగానే నుగ్గవుతోంది కదా అన్న బాధ మాత్రం పాత స్టోర్స్ మనిషిగా నాకు పోదు.

ఇప్పుడు భూమి దగ్గరికి వస్తాను. ఇంతసేపు కుర్చీలు, పైపులు చెప్పింది దీనికోసమే.

తుక్కు విషయంలో ప్రభుత్వానికి తొందర లేదు. భూమి విషయంలో చాలా తొందర. ఎందుకో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. పాత మోటారు అమ్మితే ఎవరి ఇబ్బందీ తీరదు. భూమి అమ్మితే ఈ ఏటి బడ్జెట్ లోటు తీరుతుంది. అందుకని కరిగిపోయే వస్తువును గోడ పక్కన పెట్టి మరిచిపోతున్నాం, కరగని వస్తువును వేలం వేదిక ఎక్కిస్తున్నాం. ఇనుము ఏడాది ఆగితే విలువ తగ్గుతుంది. నగరం అంచున భూమి ఏడాది ఆగితే ఏమవుతుందో కోకాపేట చెబుతుంది.

2021 జులైలో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) కోకాపేటలో దాదాపు 50 ఎకరాలు ఆన్‌లైన్ వేలం వేసింది. ఎకరాకు 25 కోట్లు కనీస ధర పెట్టింది. అత్యధికంగా ఎకరా 60 కోట్ల 20 లక్షలు పలికింది. మొత్తం 2,000 కోట్లు వచ్చాయి. రెండేళ్లు గడిచాయి. 2023 ఆగస్టు 3న అదే కోకాపేట నియోపొలిస్‌లో 45.33 ఎకరాలు అమ్మింది. కనీస ధర 35 కోట్లు. ఎకరా అత్యధికంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది, మొత్తం 3,319 కోట్ల 60 లక్షలు. వేలం పద్ధతిగా చూస్తే ఇవి మంచి వేలాలే. అత్యధిక పాట కనీస ధరకు రెట్టింపు దాటింది, పోటీ బాగా జరిగింది, చీకటి గదుల్లో కేటాయింపుల కంటే వెయ్యి రెట్లు మేలు. ఆ మాట నేను మనస్ఫూర్తిగా అంటాను. కానీ వేలం బాగా జరగడం వేరు, అమ్మాలన్న నిర్ణయం సరైనది కావడం వేరు. మొదటిదానికి ధర సాక్ష్యం చెబుతుంది. రెండోదానికి ఏ ధరా సాక్ష్యం చెప్పలేదు.

ఇక్కడే నేను మొదట చెప్పిన మూడు గడులు గుర్తుచేసుకోవాలి. ఈ భూమి మిగులా, కాలం చెల్లినదా, పనికిరానిదా? భూమికి కాలం చెల్లదు. పనికిరాకుండా పోదు. కాబట్టి మిగులు అని నిరూపించాలి. హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల విషయంలో జరిగింది మీరు చూశారు. ఏళ్ల తరబడి న్యాయస్థానాల్లో నలిగి 2024లో ఆ భూమి ప్రభుత్వానిదని తేలింది. ప్రభుత్వం ఐటీ కోసం అభివృద్ధి చేసి వేలం వేయాలనుకుంది. కాగితం మీద ఖాళీ భూమి. పక్కనే ఉన్న విశ్వవిద్యాలయం విద్యార్థులకు అది అడవి. బండరాళ్లు, చెట్లు, నెమళ్లు, చెరువులోకి దిగే వాననీళ్లు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కలగజేసుకుని చెట్లు కొట్టడం ఆపించింది. యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు దొరికినంత మాత్రాన, మిగులా కాదా అన్న ప్రశ్నకు జవాబు దొరికినట్టు కాదు. కుర్చీకి కూడా కారణం రాయమంటుంది నియమం. 400 ఎకరాలకు ఆ కారణం ఎక్కడ, ఎంత వివరంగా రాశారు, ఎవరితో మాట్లాడి రాశారు అని అడగడం అభివృద్ధికి అడ్డుపడటం కాదు.

తిరుమల తిరుపతి దేవస్థానం ప్రభుత్వ శాఖ కాదు, కానీ ఒక సంగతి ఇక్కడ పనికొస్తుంది. 2020 మే నెలలో దేవస్థానానికి భక్తులు ఎప్పుడెప్పుడో రాసిచ్చిన 50 చిన్న చిన్న ఆస్తులు అమ్మాలన్న ఆలోచన బయటికి వచ్చింది. సెంటు, రెండు సెంట్లు, దూరాన ఎక్కడో ఉన్నవి, కాపాడుకోవడం కష్టమైనవి. లెక్క ప్రకారం ఆలోచన అర్థం లేనిది కాదు. కానీ జనం ఒప్పుకోలేదు. ప్రభుత్వం ఆపమంది, పాలకమండలి స్థిరాస్తులు అమ్మబోమని తీర్మానం చేసింది. ఎందుకు ఒప్పుకోలేదు? ఇచ్చినవాళ్లు ఆ రెండు సెంట్లను మిగులుగా ఇవ్వలేదు కాబట్టి. ప్రభుత్వ ఆస్తుల్లోనూ బడికి, ఆసుపత్రికి, చెరువుకు దాతలు ఇచ్చిన నేల చాలా ఉంది. దాని మీద ఫైలు కదిపే ముందు ఆ దానపత్రం ఒకసారి తీసి చదవాలి.

అన్నీ వేలమే వేయాలా అని ఒకరు అడిగే అవకాశం ఉంది కాబట్టి చెబుతున్నాను. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, వేలం లేకుండా ఇచ్చిన 122 టెలికాం లైసెన్సులు రద్దు చేసినప్పుడు, ప్రజల వనరులను వేలం వేయడమే ఏకైక మార్గమని చాలామంది అనుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో రాష్ట్రపతి అడిగిన ప్రశ్నకు జవాబిస్తూ కోర్టు, వేలం ఒక్కటే రాజ్యాంగబద్ధమైన దారి కాదని స్పష్టం చేసింది. పేదలకు ఇళ్ల స్థలాలు వేలం వేసి ఇస్తామా? ఇవ్వం. మాట ఏమిటంటే, వేలం వేయనప్పుడు ఎందుకు వేయలేదో ఇంకా గట్టిగా చెప్పాలి.

నా సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. ఎవరైనా అడగాలనుకుంటే రెండు ప్రశ్నలు తీసుకుంటాను.

(సభలో ఒక విద్యార్థి: మామూలు మనుషులం ఇందులో ఏం చేయగలం సార్?)

కొనవచ్చు, బాబూ. నమోదు చేసుకుని, ధరావతు కట్టి, సరుకును స్వయంగా చూసి పాడవచ్చు. చూడకుండా మాత్రం పాడకు. ఫోటోలో ఉన్నది లాట్‌లో పైవరుస మాత్రమే. ధర మీద పన్నులు వేరుగా ఉంటాయి, సరుకు ఎత్తే గడువు దాటితే రోజుకు ఇంతని అద్దె పడుతుంది, అవి ముందే చదువుకో. కొనకపోతే అడగవచ్చు. సమాచార హక్కు చట్టం కింద నీ ఊరి ఆఫీసును మూడు కాగితాలు అడుగు. కిందటి తనిఖీ నివేదిక, నిరుపయోగమని ప్రకటించిన వస్తువుల జాబితా, అమ్మకం లెక్క. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ వస్తువు ఎన్నేళ్లు గోడ పక్కన నిలబడిందో నీకే తెలుస్తుంది. అంబులెన్సు గురించి ఏడేళ్లలో ఒక్కరు ఒక్క అర్జీ పెట్టి ఉంటే దానికి చక్రాలు మిగిలేవి.

(మరొకరు: గ్రంథాలయంలో పాత పుస్తకాలను కూడా ఇలాగే అమ్మేస్తారా అండీ?)

మంచి ప్రశ్న అమ్మా. పుస్తకాలకు నియమం కొంచెం దయగా ఉంటుంది. జీఎఫ్ఆర్ ప్రకారం 20,000 దాకా పుస్తకాలుంటే ఏటా మొత్తం లెక్క చూడాలి, 50,000 దాకా అయితే మూడేళ్లకు ఒకసారి. పాఠకులు తీసుకున్న ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోతే అది మామూలు నష్టమే అంటుంది. చదివేవాళ్లు ఉన్నచోట కొన్ని పోతాయని ఒప్పుకున్న నియమం అది, నాకు చాలా ఇష్టం. కానీ అరుదైన పుస్తకం పోతే ధర ఎంతైనా సరే విచారణ జరగాలి. ఇక చిరిగినవి, చెదలు పట్టినవి తీసేయక తప్పదు, కొత్తవాటికి చోటు కావాలి. తీసేసే జాబితా మీద సంతకం పెట్టే ముందు ఎవరో ఒకరు ప్రతి పుస్తకాన్ని చేత్తో పట్టుకుని తెరిచి చూడాలి. ఊరి పేరుతో వేసిన చిన్న చరిత్ర పుస్తకాలు, మూతపడిన పత్రికల సంపుటాలు కాగితం ధరకు పోయాయంటే మళ్లీ ఏ వేలంలోనూ దొరకవు.

ఇందాక లైబ్రేరియన్ గారు చెప్పారు, వెనక గదిలో అలాంటివి నాలుగు వందలు కట్టలు కట్టి ఉన్నాయని, వచ్చే నెల కమిటీ చూస్తుందని. తాళం చెవి ఇప్పుడు ఆయన చేతిలోనే ఉంది. టీ తాగాక వచ్చేవాళ్లు రండి, కట్టలు విప్పి చూద్దాం.